పట్టిక నాలుగు, వరుస పదకొండు

పార్సిల్ అహేరి బస్సుల వచ్చింది.
కండక్టర్ ఉల్లిగడ్డ బస్తాల నడుమ నుంచి గుంజి ఇచ్చిండు.
విప్పితే పుస్తకం, ఇటుకంత బరువు,
అట్ట మీద బంగారు రంగు గుండ్రటి ముద్ర.
సముద్రాలవతల ఎక్కడనో
ఆ ఏటికి అదే గొప్ప పుస్తకమట,
సర్కార్లు చదువుకోవలసిన పుస్తకమట.
లోపల మృణాల్ మేడం చేతిరాత, మరాఠీల:
సుశీలకు. నువ్వు లేకుంటే ఇది లేదు.

మొదలు కృతజ్ఞతల పేజీనే తీసిన.
మనిషి బుద్ధి గంతే గదా.
తొమ్మిది మంది ప్రొఫెసర్లు, రెండు ఫౌండేషన్లు,
మేడం పెంచుకున్న పిల్లి,
పిల్లి తర్వాత నేను: సుశీలా కొండగోలే.
మా ఇంటిపేరు కొండగొర్ల.
పోనీ. సిరొంచ తహసీల్ల కూడ గట్లనే రాస్తరు.
రాసే చెయ్యి ఏ భాషదైతే
ఆ పూటకు ఆ భాష మనిషినైత.

జిరాక్స్ దుకాణంల గిరాకీ లేనప్పుడు
డిక్షనరీ పక్కన పెట్టుకొని దినానికో పేజీ చదివిన.
మేం మిరప ఏరను ఏరు దాటుడు
అందుల "సరిహద్దు మీదుగా కాలానుగుణ శ్రామిక చలనం".
నవ్వొచ్చింది.
పొద్దున అద్దరికి పోతం, పొద్దుగూకంగ ఇద్దరికి వస్తం,
పడవ లస్మయ్య కిరాయి
రెండు రాష్ట్రాలకూ ఒక్కటే.

అట్లని అబద్ధాల పుస్తకం కాదది.
బియ్యం బండి ఏ మలుపుల తేలికైతదో,
వేలిముద్ర మిషన్ ఎవరి వేలు పట్టదో,
కట్టెలు కొట్టి కొట్టి గీతలరిగిన చేతులెన్నో,
అన్నీ ఉన్నయ్, తారీఖులతోని.
ఇక్కడనే పుట్టి నేనంత కుదురుగ చూడలే.
ఒక్క కాడ మూసేసి, లేచి, మంచినీళ్ళు తాగొచ్చిన.

తర్వాత నూట డెబ్బై రెండో పేజీ.
పట్టిక నాలుగు, వరుస పదకొండు.
స్త్రీ. వయసు అరవై పైన. ఒంటరి.
రోజుకు భోజనాలు: 2.

దుర్గం బక్కమ్మ.
ఆ దినం వాకిట్ల చింతపండు గింజలు కొడుతున్నది, కూలికి.
మేడం మరాఠీల అడిగింది, నేను తెలుగుల అడిగిన:
అవ్వా, దినాం ఎన్ని పూటలు తింటవు?
చేతిల రాయి ఆపకుంటనే అన్నది:
"పిలిచినన్ని."

దానికి మరాఠీల మాట లేదనుకునేరు.
ఉన్నది. నాలుక కొసకు వచ్చింది కూడ.
ఆమె గుడిసెకు మా ఇల్లు మూడోది.
ఆ వారం మేం పిలువలే.

"దోన్" అన్న.
మేడం పెన్ను ఆపి మొఖం చూసింది, నక్కీనా? అని.
నక్కీ అన్న.
పెన్ను మళ్ళ నడిచింది.

ఆ రెండు ఇక్కడి నుంచి పోయి
కడమ రెండ్లల్ల కలిసి సగటుల కరిగింది.
ఏ చల్లటి హాల్లనో తెర మీద పడ్డది.
కోట్లేసుకున్నోళ్ళు దాని దిక్కు చూసి తలలూపిండ్రు కావచ్చు.
నాకు వీసా లేదు. నా అబద్ధానికి అక్కర పడలే.

మేడంకు ఉత్తరం మొదలుపెట్టిన.
వరుస పదకొండు తప్పు, కొట్టేయుండ్రి అని.
కొట్టేసి ఆ గడిల ఏం పెట్టమనాలె?
కాయితం నాలుగు మడతలై దుకాణం గల్లాల పడ్డది.

ఐతారం నాడు పుస్తకం పట్టుకొని బక్కమ్మ కాడికి పోయిన.
రెండు చేతుల ఎత్తి తూకం చూసింది.
"కిలో పావు," అన్నది. "నా పేరున్నదా?"
లేదవ్వా. నంబరున్నది.
"నంబరేమంటది?"
నువ్వు దినాం రెండు పూటలు తింటవంటది.

చాన సేపు ఏమనలే.
ముద్ర మీద బొటనవేలు పెట్టి,
మిషన్ పట్టని ఆ వేలే, అటూ ఇటూ రుద్దింది.
తర్వాత కర్ర అందుకొని లేచింది.
"పొద్దున ఎల్లక్క పిలిస్తే గట్క తాగిన.
అది ఒకటి," అన్నది.
"రాసినదాన్వి నువ్వే గదా బిడ్డా,
రెండోది ఏడున్నదో సూపెట్టు."